చమురు కింది అక్షరాలు

అరవవాళ్ళ ఆడినెల పద్దెనిమిదో నాడు రాయలదొనకు పోవడం శ్రీనివాసరాజా గారి ఇంట్లో ఎన్ని తరాల ఆచారమో వాళ్ళకే తెలియదు. తెలియదని ఒప్పుకోరు కూడా. ఒకరు పన్నెండు తరాలంటారు, ఇంకొకరు పదిహేనంటారు, పెళ్ళి సంబంధాలు మాట్లాడే రోజైతే ఇరవైకి ఎగబాకుతుంది. వెనకటి రోజుల్లో ఎడ్లబండ్ల మీద పోయేవాళ్ళు. తరవాత జీపులొచ్చాయి. ఇప్పుడు ఆ కొండంతా పులుల పార్కయింది. అరవదేశంలో తమ ఊరు చిన్నమనూరు నుంచి వ్యానులో బయలుదేరి, గేటు దగ్గర టిక్కెట్లు తీసుకుని, ప్లాస్టిక్ సీసాలు లేవని సంచులు విప్పి చూపించి, పార్కువాళ్ళ బండెక్కి, జింకల్నీ అడవిదున్నల్నీ చూసుకుంటూ పోవాలి. వాళ్ళ దేవుడి దగ్గరికి వాళ్ళే చూడవచ్చినవాళ్ళలాగా పోవాలి.

దొన అంటే కొండరాతిలో నీళ్ళు నిలిచే గుంట. దాని పక్కన నాలుగు స్తంభాల మంటపం, మంటపంలో ఛాతీ ఎత్తు రాయి, రాతిమీద తెలుగు అక్షరాలు. దొన తవ్వించింది తమ మూలపురుషుడు కొండమరాజనీ, ఆ సంగతే రాతిమీద ఉందనీ ఇంటిల్లిపాదీ నమ్ముతారు. చదివినవాడు మాత్రం లేడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో నేర్చింది అరవమో ఇంగ్లీషో. తెలుగులో తిట్టగలరు, తెలుగులో ఏడవగలరు, తెలుగు అక్షరం ఎదురుపడితే మాత్రం పక్కింటి చుట్టాన్ని చూసినట్టు చూసి తప్పుకుంటారు. అయినా ఆ రాతికి చేసే మర్యాదలో లోటు లేదు. ఏటా కడవెడు నువ్వులనూనె పోసి, పసుపు మెత్తి, పట్టుగుడ్డ చుడతారు. ఆడవాళ్ళు మూడో మెట్టు దాటి పైకి రాకూడదు. ఆ పూట ఇంటిపెద్ద తలకు జరీగుడ్డ కడతారు. దాన్ని పరివట్టం అంటారు. ఈ నేలమీద మొదటి మర్యాద ఎవరిదో చెప్పేది ఆ మూరెడు గుడ్డే.

పరివట్టం కట్టించుకున్నాక శ్రీనివాసరాజా ఏటా ఒకే మాట అనేవాడు. “మనింట్లో ఈ రాయి చదివేవాళ్ళు ఒక్కరు పుట్టలేదే! పుట్టింటే ఈ పరివట్టం నేనే ఇప్పి వాళ్ళ తలకి కట్టేస్తును.” అందరూ అయ్యో అని తల ఊపేవాళ్ళు. ఆ మాటను మనసులో పెట్టుకున్నది ఒక్కతే. ఆయన చెల్లెలు ఇందిర.

ఇందిరకు ఇరవై ఆరేళ్ళప్పుడు మొగుడు పోయాడు. పెట్టె సర్దుకుని అన్న ఇంటికొచ్చింది. ఇప్పుడు యాభై తొమ్మిది. ఆ ఇంట్లో ఆమె లేనిదే పొయ్యి వెలగదు. కానీ ఏ ఫోటోలోనూ ఆమె కనపడదు, ఫోటో తీసే వేళకు ఆమె వడ్డిస్తూ ఉంటుంది. శుభకార్యాలకు ముందు వరసలో నిలబడమని ఎవరూ అనరు, ఆమె నిలబడదు. అన్న చెడ్డవాడని కాదు. కసురుకోడు, తిండికీ గుడ్డకూ తక్కువ చెయ్యడు. ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి కూడా నలుగురిలో ఆమెవంక చూసి “ఇది నా చెల్లెలు” అనలేదు, అంతే. ఆ ఒక్క మాట కోసం ఆమె ముఖం వాచిపోయి ఉంది.

మూడేళ్ళ కిందట ఫోనులో తెలుగు నేర్పే క్లాసు ఒకటి ఆమె కంట పడింది. ఎక్కడెక్కడి పిల్లలో, ఏడేసి ఎనిమిదేసి ఏళ్ళవాళ్ళు, వాళ్ళ మధ్య ఈమె. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, పాత క్యాలెండర్ల వెనకవైపు, అ ఆలు దిద్దింది. మొదట్లో అన్నీ ఒకేలాగా, పళ్ళెంలో పోసిన మురుకుల్లాగా కనపడేవి. ఒక్కొక్కటే విడివడి పేరు చెప్పుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఎవరికీ చెప్పలేదు. చదవడం వచ్చాక అన్న ముందుకు పోయి నిలబడాలని ఆశ.

చూసింది ఇరుళాయి ఒక్కతే. ఇరుళాయి కొండమీది పళియ జనం మనిషి. ఎనిమిదో ఏట ఈ ఇంటి గొడ్లచావిడికి పనికొచ్చి, పెళ్ళయ్యేదాకా ఇక్కడే పెరిగింది. తెలుగు ఆమెకు వీళ్ళకొచ్చినంతా వచ్చు. పెళ్ళయ్యాక కొండకు పోయింది. దొనకు దిగువన, ఏటికి ఎగువన ఉన్న పదకొండు గుడిసెల్లో ఆమెదొకటి. ఏటా పండగకు ముందురోజు దొనలో ఆకులు తీసి శుభ్రం చేసేది ఆమే. పండగనాడు అందరికన్నా వెనక నిలబడేదీ ఆమే. ఇంట్లో కొత్తగా వచ్చిన కోడళ్ళకు, పిల్లలకు ఆమెకు తెలుగొచ్చన్న సంగతే తెలియదు. ఆమె ఎదుటే ఆమె చీర గురించి, ఆమె పళ్ళ గురించి తెలుగులో మాట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు. ఆమె వినీ విననట్టు ఉండేది.

ఈ ఏడు పార్కుకు కొత్త రేంజరు వచ్చాడు, పాండియన్ అని. కుర్రతనం పోని మనిషి, ఉత్సాహం ఎక్కువ. పులుల బండి, జలపాతం, పాత మంటపం, మూడూ కలిపి ఒక్కరోజు యాత్రగా పెట్టాలని పూనుకున్నాడు. యాత్ర అన్నాక మంటపం దగ్గర బోర్డు ఉండాలి, బోర్డు మీద చరిత్ర ఉండాలి. ఆ రాతిని వేడినీళ్ళతో, శీకాయపొడితో మూడురోజులు కడిగించాడు. ఎన్ని తరాల చమురో, జిగురులాగా ఊడివచ్చిందట. అడుగున అక్షరాలు నిన్న చెక్కినట్టు తేలాయి. ఫోటోలు తీసి శ్రీనివాసరాజాకు పంపి, “మీ ఇంటి భాష సార్. పండగనాడు అందరి ముందూ చదివించండి. నేను రికార్డు చేసుకుంటాను. దాన్నే బోర్డు మీద పెడతాం,” అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ పదకొండు గుడిసెలూ పార్కు నడిబొడ్డున ఉన్నాయి, వాళ్ళను కిందికి దింపే విచారణ వచ్చే నెలలో ఉంది. రాతిమీద కొండజనం గురించి ఏదైనా ఉంటే అది కూడా పైకి పంపిస్తానన్నాడు. ఈ మాట ఇరుళాయికీ చెప్పాడు.

శ్రీనివాసరాజా కొడుకు గోకుల్‌నాథ్ ఆ ఫోటోల్ని ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టాడు. ముప్పై మంది ముప్పై దండాల బొమ్మలు పంపారు. బొమ్మను పెద్దది చేసి చూసింది ఇందిర ఒక్కతే.

రెండోరోజు మధ్యాహ్నం ఇరుళాయి పెరటి వాకిట్లోకొచ్చి కూచుంది. కొండమీంచి నడిచి, తరవాత బస్సెక్కి వచ్చింది.

“అమ్మా, నువ్వు అచ్చరాలు నేర్చుకుండావు కదా. రాయి చదివినావా?”

“చదువుతాండా ఇరుళాయి. కొంజమే అయ్యింది.”

“మావాళ్ళ పేరు ఏమన్నా ఉండాదేమో చూడమ్మా. ఒక్క మాట ఉన్నా సాలునని రేంజరయ్య చెప్పినాడు. నా కోడలు నిండు చూలాలు. కింద సిమెంటు రేకుల ఇంట్లో ఏం చేసి బతకమంటావు మమ్మల్ని?”

“ఉంటే చెప్తాను లే. చెప్పకుండా ఎట్లుంటాను?” అంది ఇందిర. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. ఒక డబ్బా నిండా అన్నం, ఊరగాయ కట్టిచ్చి పంపింది.

నాలుగు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులూ ఒంటిమీద తెలివి లేనంత సంతోషం. మూడో రోజు సంతోషం తగ్గింది. నాలుగో రోజు మొత్తం ఒక క్యాలెండరు కాగితం వెనక రాసుకుని చదువుకుంది.

‘ఈ దొన తవ్వినది కొండ పళియ ఇరుళప్పడు. ఈ బాట కాచినది ఇరుళప్పడు. దొనకు దిగువ ఏటిదాకా గల నేల ఇతనికిన్ని ఇతని కొడుకులు మనుమలకున్ను సూర్యచంద్రులున్నంతకాలం నడిచేటట్టు ఇస్తిమి. కింద కాపురముండే కొండమరాజు ఈ నేల తొక్కితే గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోవువాడు.’

మూలపురుషుడి పేరు ఉండనే ఉంది. ఇంటివాళ్ళు చెప్పినదాంట్లో ఆ మాత్రం నిజం. ఆయన్ను దూరంగా ఉండమని అప్పటి రాజు చెక్కించిన రాతికి ఆయన పిల్లలు పట్టుగుడ్డ చుట్టి దండాలు పెడుతున్నారు. ఇందిర నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఇరుళాయి అడిగింది ఒక్క మాట, ఇక్కడ రాయి మొత్తం ఆమెదే.

పండగకు ముందురోజు సాయంకాలం, అన్న ఊయలబల్ల మీద ఒంటరిగా ఉన్నప్పుడు పోయి నిలబడింది.

“అన్నా, ఆ రాయి నేను చదివినాను.”

ఆయన ఊగడం ఆపలేదు. “ఎవరు నేర్పించినారు?”

“ఫోనులో నేర్చుకుంటిని. మూడేండ్లుగా.”

“కొండమరాజు పేరు అడుగున కడాసి వరసలో వస్తాది, అవునా?”

రాయి చదివే మొదటి మనిషిని నేనే అవుతానని ఇందిర మూడేళ్ళు మురిసింది. “నీకు... తెలుసునా?”

“పరివట్టం కట్టిన మొదటి రోజు నాయన చెవిలో చెప్పినాడు. ఆయనకి వాళ్ళ నాయన. ఇంటిపెద్దకి మాత్రందాన్ తెలవాల. చమురు ఎందుకు పోస్తామనుకుంటివి? ఆడవాళ్ళని మూడో మెట్టు ఎందుకు ఎక్కనీమనుకుంటివి? మునితాత కాలంలో మనింట్లో తెలుగు పంతులు ఉండె. ఆయన్ని పంపించేసి అరవ పంతుల్ని పెట్టింది అందుకుదాన్.” కోపం లేదు ఆ గొంతులో. వంట బాగుందన్నట్టు చెప్పాడు.

“ఇరుళాయివాళ్ళని ఇప్పుడు తోలేస్తాండారు అన్నా. పావం. ఆ నేల వాళ్ళది.”

“తెలుసును. వాళ్ళు పోతే రోడ్డు మన తోట మీదగా వస్తాది. గోకుల్ ఆడ లాడ్జి కట్టాలంటాండాడు. యాత్రకి వచ్చే జనం ఎక్కడ దిగుతారు చెప్పు?” ఊయల ఆపి, చెల్లెలి ముఖంలోకి చూశాడు. “నిన్ను అబద్ధం చెప్పమనను ఇందిరా. రేపు నువ్వుదాన్ చదువు. ఉండేది ఉండేట్టు, తెలుగులోనే చదువు. రేంజరుకి అరవంలో నేను చెప్పుకుంటా. చదివినవాళ్ళకి పరివట్టం కడతానని ఇన్నేండ్లుగా అంటిని కదా. రేపు నీకు కడతా. అందరి ముందర.”

ఇందిర అక్కణ్ణించి పోయి రేంజరుకు ఒక్క ఫోను చేసి ఉంటే చాలు. చెయ్యలేదు. పెరట్లోకి పోయి, పులిహోరకు చింతపండు నానబెట్టింది. నానబెడుతూ తనకు తానే సర్దిచెప్పుకుంది. నిజమే కదా చదివేది. గట్టిగా చదువుతాను. అర్థమయ్యేవాళ్ళకు అర్థమవుతుంది. ఇరుళాయికి ఇచ్చిన మాటా నిలబడుతుంది, అన్న మాటా నిలబడుతుంది. మనిషి తనను తాను మోసం చేసుకోవాలనుకుంటే ఎంత చక్కగా కుదురుతుందో.

పొద్దున గేటు దగ్గర జనం జనం. కోయంబత్తూరు నుంచి రెండు బస్సుల యాత్రికులు దిగి ఉన్నారు. రాజాగారి చుట్టాలు ఇరవై మంది, వాళ్ళ నూనె కడవ, పూలబుట్టలు, పులిహోర గిన్నెలు. పార్కు బండిలో మైకు పట్టుకున్న గైడు, పులి కనపడకపోతే తనను తిట్టవద్దని మొదలుపెట్టాడు. కణుజు దుప్పి ఒకటి దారి పక్కన నిలబడితే నలభై ఫోన్లు లేచాయి. జలపాతంలో నీళ్ళు సన్నగా ఉన్నాయని బస్సులవాళ్ళు గొణిగారు. తరవాత గుడిసెలొచ్చాయి.

“ఇవి వచ్చే ఏటికి ఉండవు. ఇక్కడ వ్యూపాయింటు వస్తుంది,” అన్నాడు గైడు. యాత్రికులు వాటికి కూడా ఫోటోలు తీశారు. ఒక గుడిసె ముందు ఇరుళాయి కోడలు, కడుపు ముందుకొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి బండి వంక చూసింది. ఇందిర వంగి, సరిగ్గానే ఉన్న గిన్నె మూతను సరిచేసింది.

మంటపం దగ్గర రాయి ఒంటరిగా, నల్లగా, కడిగిన ముఖంతో నిలబడి ఉంది. శ్రీనివాసరాజా పైకెక్కి, అందరూ వినేటట్టు అరవంలో అన్నాడు: “ఇన్నాళ్ళకు మా ఇంట్లో ఈ రాయి చదివే మనిషి పుట్టింది. ఇది నా చెల్లెలు. రా ఇందిరా, పైకి రా.”

ఆ మాట చెవిన పడగానే ఇందిర కళ్ళు నిండిపోయాయి. దాని వెల తెలిసీ నిండాయి, అదే ఆమెకు ఎక్కువ బాధ అనిపించింది. మూడో మెట్టు దాటింది. పాండియన్ ఫోను ముందుకు చాచాడు.

ఆమె చదివింది. అన్న చెప్పినట్టే, ఉన్నది ఉన్నట్టు, గట్టిగా, ఎక్కడా తడబడకుండా. ‘ఈ దొన తవ్వినది కొండ పళియ ఇరుళప్పడు’ అన్నప్పుడు కింద వదిన చేతిలో పూలదండ ఆగింది. ‘ఇతని కొడుకులు మనుమలకున్ను’ అన్నప్పుడు కోడళ్ళ గుసగుసలు ఆగాయి. కొండమరాజు పేరు, గోవు పాపం వచ్చేసరికి గోకుల్‌నాథ్ రాతిని కాదు, తండ్రిని చూశాడు. పాత తెలుగైతేనేం, ఇంటి తెలుగే. ఇరవై మందికీ అర్థమైంది. బస్సుల్లో వచ్చినవాళ్ళకు, రేంజరుకు ఒక్క ముక్క తెలియలేదు.

శ్రీనివాసరాజా గొంతు సవరించుకుని అరవంలో చెప్పాడు. మంచి అరవం, సభల్లో మాట్లాడే అరవం. ఈ దొనను మా పూర్వీకులు కొండమరాజుగారు బాటసారుల దాహం తీర్చడానికి తవ్వించారు. ఏటిదాకా ఉన్న నేలను దీని పోషణకు రాయించుకున్నారు. ఈ ధర్మానికి అడ్డొచ్చినవాడు గోహత్య పాపాన పోతాడు.

“కొండజనం గురించి ఏమైనా ఉందా సార్?” అడిగాడు పాండియన్.

“ఉంది. దొనను శుభ్రంగా ఉంచే ఊడిగం వాళ్ళదని ఉంది.”

యాత్రికులు చప్పట్లు కొట్టారు. ఇరవై మంది చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఒక్క క్షణం ఆగి, వాళ్ళూ కొట్టారు. ముందు వదిన కొట్టింది, చూసి కోడళ్ళు కొట్టారు. శ్రీనివాసరాజా తన తలమీది పరివట్టం విప్పి చెల్లెలి తలకు కట్టాడు. గోకుల్‌నాథ్ ఫోటో తీశాడు. నడిమధ్యన ఇందిర.

అప్పుడు వెనకనుంచి ఇరుళాయి జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. మొదటి మెట్టు దగ్గర ఆగి, తెలుగులో మాట్లాడింది. కోడళ్ళు ఉలిక్కిపడ్డారు. ఇన్నేళ్ళు ఆమె ఎదుట ఏమేం అన్నారో వాళ్ళకు అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది.

“అమ్మా, నేను విన్నాను. మా ఇరుళప్పన్ పేరు విన్నాను. నువ్వు మాట తప్పలేదు, చదివినావు. అదే మాటని అరవంలో ఒక్కసారి చెప్పు. నేను చెప్తే అడుక్కునేది కల్పించి చెప్తాండాదంటారు. నువ్వు చెప్తే రాసుకుంటాడు.”

“ఏమంటోంది?” అన్నాడు పాండియన్. అతను మంచివాడే. ఫోను మళ్ళీ ఆన్ చేసి ఇందిర ముందు పెట్టాడు. “అమ్మా, చదివింది మీరు. అయ్య చెప్పింది కాక ఇంకేమైనా ఉందా? మీరు ఎట్లా చెబితే అట్లా రాస్తాను.”

అన్న కళ్ళెర్రచెయ్యలేదు, సైగ చెయ్యలేదు. ఆమె తలమీద జారుతున్న గుడ్డను రెండు చేతులతో సర్ది, అరచెయ్యి ఒకసారి నెత్తిమీద ఆన్చాడు, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చేసినట్టు. ముప్పై మూడేళ్ళలో ఆ చెయ్యి ఆమెను తాకడం అదే మొదలు. ఇరుళాయి కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. అరవం ఇందిరకు రాని భాష కాదు. కూరగాయలు బేరమాడేది, మొక్కులు మొక్కేది ఆ భాషలోనే.

“అణ్ణన్ సొన్నదుదాన్ సార్,” అంది. మా అన్న చెప్పిందే అని.

పాండియన్ సరేనని రాసుకుని, చదివినవారి సంతకం కావాలని కాగితం, పెన్ను అందించాడు. ఇందిర రాతిమీదే కాగితం ఆనించి, ఇరుళాయి చూస్తూ ఉండగా, తన పేరు తెలుగులో, ఒక్క తప్పు లేకుండా రాసింది.